తీర్పు వచ్చేసరికి 13 ఏళ్లు

ఊళ్లో ఏదన్నా ఘోరం జరిగిందని వార్త పడగానే మన వాట్సాప్ గ్రూపుల్లో మొదటి మాట, "నడిబజార్లో ఉరి తీయాలి, అప్పుడే మిగతావాళ్లకి భయం." దాని కింద పాతిక దండాలు. నేనూ పెట్టినవాణ్ణే. ఈ మధ్య మానేశాను.

మాది ఒంగోలు. 2008లో మా హైవే మీద లారీలు మాయమయ్యాయి. అధికారుల వేషంలో ఆపడం, కాగితాలు చూపించమనడం, డ్రైవర్నీ క్లీనర్నీ గొంతుకు తాడు బిగించి చంపడం, శవాలు పూడ్చిపెట్టి సరుకు అమ్ముకోవడం. ఇనుము లోడు చేరలేదని తమిళనాడు లారీ ఓనరు ఫిర్యాదు చేశాక కూపీ కదిలింది. 2021 మే 24న ఒంగోలు కోర్టు ఆ ముఠాలో 12 మందికి ఉరిశిక్ష వేసింది.

మన దేశంలో హత్యకు ఉరి బ్రిటిష్ వాళ్ల నాటి నుంచీ ఉంది. ఆ ముఠాకు అది తెలియక కాదు. తెలుసు గనకే సాక్షి మిగలకుండా చూసుకున్నారు. తాగి పొడిచేవాడికి శిక్ష గుర్తే రాదు. లెక్కలేసుకుని చంపేవాడికి దొరకననే ధీమా. ఇంక తాడు చూసి ఆగేదెవరు?

మా మేనమామ అప్పట్లో కలకత్తా లైన్లో లారీ తోలేవాడు. ఆ కబురు తెలిశాక రాత్రిపూట ఎవరు చెయ్యెత్తినా ఇంజను ఆపేవాడు కాదు. అద్దం బెత్తెడు దించి, కాగితాలు రెండు వేళ్ల మధ్య పెట్టి అందించేవాడు. క్లీనర్ కుర్రాడు స్పానరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "ఉరి సంగతి నాకెందుకురా, సింగరాయకొండ దాటాక ఒక్క పోలీసు జీపు కనబడితే చాలు" అనేవాడు.

నేనుండే టెక్సాస్ 1982 నుంచి 580 మందికి పైగా మరణశిక్ష అమలు చేసింది. అమెరికాలో ఇంకే రాష్ట్రమూ దాని దరిదాపుల్లో లేదు. అయినా చీకటి పడితే మనవాళ్లు డౌన్‌టౌన్ వైపు కారు తిప్పరు. మరణశిక్ష రద్దు చేసిన రాష్ట్రాల్లో హత్యలేమీ ఎగబాకలేదు. మరణశిక్ష వల్ల హత్యలు తగ్గాయనీ పెరిగాయనీ చెప్పడానికి జరిగిన అధ్యయనాలేవీ పనికిరావని 2012లో ఇక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ తేల్చింది. యావజ్జీవం కంటే ఉరి ఎక్కువ భయపెడుతుందనడానికి ఆధారం లేదని 2015లో మన లా కమిషన్ కూడా రాసింది, ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం లాంటి నేరాలకు తప్ప ఉరి ఎత్తేయమంది.

కన్నవాళ్ల కడుపుమంట చల్లారడానికి ఉరి కావాలంటే అది వేరే మాట, దానితో నాకు పేచీ లేదు. భయం కోసం అంటేనే ఒప్పుకోను. భయం ఆలస్యమైతే పనిచేయదు. 2019లో ఆంధ్ర అసెంబ్లీ ఆడవాళ్ల మీద నేరాలకు 21 రోజుల్లో తీర్పంటూ దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదముద్రే పడలేదు. అన్ని కోర్టులూ అంతమంది జడ్జీలూ ఎక్కణ్ణించి వస్తారో మాత్రం ఎవరూ అడగలేదు, మనతో సహా.

తీర్పు వచ్చిన రోజు మామయ్యకు ఫోన్ చేశాను. లారీ అమ్మేసి చాలా కాలమైంది, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు. 12 మందికి ఉరి పడింది మామయ్యా అన్నాను. కాసేపు పలకలేదు.

"ఆ క్లీనర్ పిల్లోళ్ల ఇళ్లల్లో వాళ్లకి ఏమన్నా ఇచ్చారంట్రా?" అన్నాడు.