సిస్టర్ల నడుము నొప్పి ఉత్తుత్తిదేనంట!

స్కూల్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి చిత్తూరులో ఉండే మా చిన్నాయన కూడా దండం బొమ్మ పెట్టి మరీ పంపినాడు. ‘నర్సుల నడుము నొప్పి వెనక అసలు రహస్యం’ అట. అందులో ఉన్నది ఇదీ: నర్సులు బరువులు మోసేదేమీ లేదు, మన అవ్వలు బిందెలు మోసినా ఏ నొప్పీ రాలేదు, ఇదంతా టెన్షన్ వల్ల వచ్చే ఉత్తుత్తి నొప్పి, పట్టించుకోకపోతే పోతుంది, మరీ ఎక్కువైతే సూది వాళ్ల చేతిలోనే ఉంది, వేసుకోవచ్చు, రోజూ సూర్య నమస్కారాలు చేస్తే ఆ అవసరమూ రాదు. తిరుపతిలో వార్డు డ్యూటీ చేసే నేను దీన్ని చదివి ఊరుకోవాలంట.

అవ్వలకు నొప్పి లేదని ఎవరు చెప్పినారు? అడిగినవాళ్లు లేరు, అంతే. రాత్రిపూట అమృతాంజనం వాసన ఎవరి మంచం దగ్గర వచ్చేదో గుర్తు తెచ్చుకోండి.

బరువుల సంగతి. పక్షవాతం వచ్చి మంచాన పడిన మనిషిని, ఒళ్లు పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలి. 70 కిలోల మనిషి అనుకోండి. మంచం లేపే హ్యాండిల్ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. నడుము వంచి, మోకాళ్లు ఇనుప చట్రానికి ఆనించి, రోగి నడుము కింద అడ్డంగా పరిచే డ్రా షీటు కొస పిడికిలికి చుట్టుకుని లాగుతాం. అవతలి పక్క పట్టుకోవడానికి ఇంకో సిస్టర్ ఉంటే అదృష్టం, లేకపోతే రోగి కొడుకే దిక్కు. మూడు అనగానే లాగమంటే ఆయన రెండుకే లాగేస్తాడు! అమెరికాలో పనిచేసేచోట భద్రత గురించి పరిశోధించే నియోష్ లెక్క ప్రకారం, రోగిని చేతులతో లేపేటప్పుడు ఒక్కరి మీద సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదు, అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే. మిగతాది ఈ మెసేజ్ రాసినాయన వచ్చి మోస్తాడేమో.

అసలు నాకు ఒళ్లు మండింది ‘ఉత్తుత్తి నొప్పి’ అన్న మాటకు. నొప్పికీ టెన్షన్‌కూ సంబంధం లేదని ఎవరూ అనడం లేదు. 3 నెలలు దాటిన నొప్పి తీరే వేరు. మొదట బెణికిన కండరం మానిపోయినా, కబురు మోసే నరాలూ మెదడూ చిన్నదానికే ఉలిక్కిపడటం అలవాటు చేసుకుంటాయి. నిద్ర చెడితే అదే నొప్పి ఇంకా గట్టిగా తెలుస్తుంది. స్కాన్ బాగుందంటే నొప్పి లేదని కాదు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఉబ్బి ఉన్నా నొప్పే తెలియనివాళ్లు బోలెడుమంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటుంది. ఉత్తుత్తి వాటికి కోడ్ నంబర్లు ఇచ్చేంత తీరిక వాళ్లకు లేదు.

మరి ఆ టెన్షన్ యాడ నుంచి వచ్చింది? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలి. నైట్ డ్యూటీలో ఏదైనా పెద్ద వార్డుకు వచ్చి తలలు లెక్కపెట్టండి. ఒకరికి సెలైన్ అయిపోతుంటుంది, ఇంకొకరికి ఊపిరాడదు, అలిపిరి మెట్ల మీద పడి కాలు విరిగిన భక్తుడి బంధువులు ‘ఇంకా ఎంతసేపు సిస్టర్’ అని కేకలు. రోగిని తిప్పేటప్పుడు పక్కన ఇంకో మనిషి లేకపోవడమే నడుముకు బరువు, అదే బుర్రకు టెన్షన్. రెండూ ఒకే ఖాళీ పోస్టులోంచి వస్తున్నాయి. నాతో పనిచేసిన ఒకమ్మాయి లీవు అడిగితే ‘ఈ వయసుకే నడుము నొప్పా అమ్మా’ అని నవ్వినారు. ఆమె మళ్లీ లీవు అడగలేదు. ఉద్యోగమే మానేసింది.

సూది గురించి ఎక్కువ చెప్పను. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు రోజూ పొడుచుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. నర్సులకే ఈ సలహా ఇవ్వడానికి ధైర్యం కావాలి.

సూర్య నమస్కారాల మాట మాత్రం ఒప్పుకుంటాను. పాత నడుము నొప్పికి మంచమెక్కడం కంటే కదలడమే మేలు, యోగాతో కొంత గుణం ఉంటుందని పరిశోధనలూ ఉన్నాయి. ‘నెల రోజులు కదలకుండా పడుకో’ అనే మా బంధువులకంటే ఈ విషయంలో ఆ మెసేజే నయం. కాకపోతే రాత్రి 8కి ఎక్కి పొద్దున 8కి దిగే మనిషి, ఇంటిపని ముగించి నిద్ర లేచేసరికి సూర్యుడు పడమటికి దిగుతుంటాడు.

చిన్నాయనా, నువ్వు ఆ మెసేజ్ పంపినవాళ్లందరికీ ఇది కూడా పంపు. మంచానికి హ్యాండిల్ బిగించమను, రోగిని జరపడానికి జారుడు షీట్లు కొనమను, నైట్‌కు ఇంకొక మనిషిని వేయమను. నమస్కారాల సంగతి మేం చూసుకుంటాం.