ఫిట్స్ మాత్ర ఆపించే ఆ సందేశం గురించి

గుంటూరు కొత్తపేటలోని మా మందుల షాపుకు నిన్న పొన్నూరు వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు వాడే ఫిట్స్ మాత్రల అట్టలో నాలుగే మిగిలాయి. కొత్త అట్ట వద్దంటూ ఫోను చూపించింది: "ఫిట్స్ మాత్రలన్నీ చిన్నమెదడును కరిగిస్తాయి. డాక్టర్లు ఈ నిజం దాస్తున్నారు. ఈరోజే ఆపండి." ఈ వారంలో నాకే నలుగురు పంపిన సందేశం అది.

"అన్నీ" అన్నది అబద్ధం. చిన్నమెదడు, అంటే నడకను, నిలకడను చూసుకునే మెదడు భాగం, కుంచించుకుపోవడంతో ప్రధానంగా ముడిపడిన మందు ఫెనిటాయిన్. 1938 నుంచి వాడుకలో ఉంది. మనవాళ్లకు ఎప్టాయిన్‌గా తెలుసు. మరో ఫిట్స్ మందు కార్బమాజెపిన్ మోతాదు ఎక్కువైతే అడుగు తడబడుతుంది, తగ్గిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. ఇంకో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్‌తో చేతులు వణకవచ్చు. అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఫెనిటాయిన్ విషయంలో మాత్రం కొంత నిజం ఉంది, కాదనను. రక్తంలో ఈ మందు మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. 20 దాటితే పక్కకు చూసినప్పుడు కనుగుడ్లు అదురుతాయి. 30 దాటితే నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. దీన్ని అరిగించే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే ఉంటుంది. ఆ హద్దుకు చేరిన మనిషికి 300 మిల్లీగ్రాములను 400 చేస్తే రక్తంలో మందు మూడోవంతు పెరిగి ఆగదు, రెట్టింపు దాటవచ్చు. టీబీ మందు ఐసోనియజిడ్ తోడైతే మోతాదు మార్చకపోయినా పెరుగుతుంది. అలా పెరిగినది నెలల తరబడి ఎవరూ పట్టించుకోకపోతే చిన్నమెదడులోని పర్కింజీ కణాలు (కదలికలను అదుపులో ఉంచే నరాల కణాలు) నశించి, ఆ తూలు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. తూలుతున్న పిల్లవాణ్ణి చూసి తాగొచ్చాడని కొట్టిన ఇళ్లు నాకు తెలుసు.

స్కానింగులో చిన్నమెదడు తగ్గినట్టు కనిపించినా నేరం మందుదే అనలేం. ఆగకుండా వచ్చే ఫిట్స్ ఆ కణాలనే దెబ్బతీస్తాయి. మద్యమూ అంతే.

ఇక దాచడమా? వైద్య పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలుగా ఉన్న సంగతి ఇది.

"ఈరోజే ఆపండి" అన్న మాట మీదే నా కోపమంతా. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ముంచుకురావచ్చు. అయిదు నిమిషాలైనా ఆగకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మందు మార్చాల్సి వచ్చినా డాక్టరు కొత్తది పెంచుకుంటూ పాతది మెల్లగా తగ్గిస్తారు.

"బాబు నడక ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"రెండు నెలలుగా గోడ పట్టుకుని నడుస్తున్నాడండీ."

ఆ అట్ట, పాత చీటీలు ఇచ్చి వెంటనే నరాల డాక్టరు దగ్గరికి పంపాను. సాయంత్రం ఆమె తెచ్చిన చీటీలో మొదటి పంక్తి రక్తంలో ఫెనిటాయిన్ పరీక్ష.