తరువాతి కోచ్ బయటి నుంచే రావాలా?

కంఠీరవ స్టేడియంలో మన ఫుట్‌బాల్ జట్టు బెంగళూరు ఎఫ్‌సీ వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే చాలు, బెంగళూరు తెలుగు ఫ్యాన్స్ మధ్య ఒకటే మాట వినిపిస్తుంది: కోచ్‌ని మార్చాలి. ఆ వెంటనే రెండో మాట: ఈసారి ఎవరు? ఇక పేర్లు మొదలవుతాయి. స్పెయిన్ రెండో డివిజన్‌లో ఫలానా ఆయన ఖాళీగా ఉన్నాడట, ఇంగ్లండ్‌లో ఇంకో ఆయన్ని తీసేశారట. మ్యాచ్ అయ్యాక రెసిడెన్సీ రోడ్డు మీద ఆంధ్రా భోజనానికి కూర్చుంటే విస్తరి ఎత్తేలోపు అరడజను పేర్లు వచ్చేస్తాయి. వాటిలో ఒక్క భారతీయుడి పేరు ఉండదు. క్లబ్‌లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల పేరూ ఉండదు.

నా అభ్యంతరం అక్కడే. బెంగళూరు ఎఫ్‌సీకి ఇకపై హెడ్ కోచ్‌ని వెతకాల్సి వచ్చినప్పుడల్లా మొదట క్లబ్ లోపల చూడాలి. వీలైతే భారతీయుణ్ణే తీసుకోవాలి. తీసుకున్నాక రెండు పూర్తి సీజన్లు కదపకూడదు. ఈ క్లబ్ సొంత చరిత్రే నాతో ఈ మాట అనిపిస్తోంది.

2013లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ ఈ క్లబ్‌ని పెట్టినప్పుడు ఆష్లీ వెస్ట్‌వుడ్ కోచ్‌గా వచ్చారు. మొదటి సీజన్‌లోనే, అప్పటికి దేశంలో పై స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచాం. 2015-16లో మళ్లీ గెలిచాం. ఆ తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా 2016లో మలేసియా జట్టు జోహర్ దారుల్ తాజిమ్‌ని కంఠీరవలో 3-1తో ఓడించి జట్టుని ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్‌లకి పెట్టిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కి తీసుకెళ్లారు. ఆ ఫైనల్ ఆడిన తొలి భారతీయ క్లబ్ మనదే. ఆ రాత్రి స్టేడియంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటారు. వీళ్లిద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్లే. కాబట్టి బయటివాళ్లు పనికిరారని నేను అనలేను, అనను కూడా.

కానీ మనకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ తెచ్చింది ఎవరు? కార్లెస్ క్వాద్రాత్. ఆయన 2016 నుంచి రోకా పక్కన అసిస్టెంటుగా ఉన్న మనిషి. 2018 మార్చి 17న కంఠీరవలో జరిగిన ఫైనల్ గుర్తుందా? మన కెప్టెన్ సునీల్ ఛేత్రి తొమ్మిదో నిమిషంలోనే గోల్ కొట్టాడు. మనదే కప్పు అనుకున్నాం. ఆ తర్వాత చెన్నైయిన్ డిఫెండర్ మెయిల్సన్ ఆల్వెస్, మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్‌లు రెండింటిని తలతో గోల్స్ చేశాడు. చివరికి 2-3తో ఓడిపోయాం. ఆ రోజు బెంచ్ మీద కూర్చుని ఆ రెండు కార్నర్లనీ చూసినవాళ్లలో క్వాద్రాత్ ఒకరు. రోకా వెళ్లిపోయాక క్లబ్ ఆయనకే పగ్గాలు అప్పగించింది. సరిగ్గా ఏడాది తర్వాత, 2019 మార్చి 17న, ముంబైలో ఎఫ్‌సీ గోవా మీద ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ 117వ నిమిషంలో దిమాస్ డెల్గాడో కార్నర్ వేశాడు, రాహుల్ భేకే తల పెట్టాడు, 1-0.

ఏ రకం బంతితో ముందు ఏడాది కప్పు పోయిందో అదే రకం బంతితో కప్పు వచ్చింది. ఇందులో అదృష్టం లేదని అనను. కానీ ఆ జట్టుకి ఎక్కడ దెబ్బ తగిలిందో లోపలే ఉండి చూసిన మనిషి, ఏడాది పొడవునా దాని మీదే పని చేయగలిగాడు. కొత్తగా విమానం దిగిన కోచ్ అయితే మొదటి రెండు నెలలు ఎవరి పేరేమిటి, ఎవరు ఎడమ కాలితో ఆడతారు, ఎవరు కోప్పడితే ముడుచుకుపోతారు అని తెలుసుకోవడానికే సరిపోతాయి. మన లీగ్ సీజన్ యూరప్ సీజన్లంత పొడుగు కాదు. ఆ రెండు నెలల్లో పోయిన పాయింట్లు తిరిగి రావు.

ఆ క్వాద్రాత్‌నే 2021 జనవరిలో, వరసగా మూడు మ్యాచ్‌లు ఓడగానే పంపించేశారు. కోవిడ్ కారణంగా లీగ్ మొత్తం గోవాలో, ప్రేక్షకులు లేకుండా ఆడుతున్న సీజన్ అది. మిగతా మ్యాచ్‌లకి మన కుర్రాళ్ల జట్టు కోచ్ నౌషాద్ మూసా తాత్కాలిక కోచ్. సీజన్ అయిపోగానే హెడ్ కోచ్ కుర్చీ జర్మనీ నుంచి వచ్చిన మార్కో పెజ్జాయువోలికి వెళ్లింది. మూసా మాత్రం కుర్రాళ్లతో తన పని తాను చేసుకుంటూ పోయారు. 2022లో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ మొదటిసారి పెట్టినప్పుడు మన కుర్రాళ్ల జట్టే గెలిచింది. కింది జట్టు నుంచి పైకి వచ్చిన రోషన్ సింగ్ 2021-22లో, శివశక్తి నారాయణన్ 2022-23లో ఐఎస్ఎల్ ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నారు. అంటే వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ కుర్రాడు మన క్లబ్‌లో తయారైనవాడే. మూసా తర్వాత భారత అండర్-23 జట్టుకి కోచ్ అయ్యారు. మనం మాత్రం ఆయన్ని తాత్కాలికం అన్న మాట దాటి చూడలేదు. నాకు ఈ విషయంలో ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెజ్జాయువోలి తర్వాత వచ్చిన ఇంగ్లండ్ కోచ్ సైమన్ గ్రేసన్ కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. 2022 సెప్టెంబరులో డ్యూరాండ్ కప్ గెలిపించారు. తర్వాత లీగ్‌లో జట్టు తడబడింది. డిసెంబరు చివరికి పట్టికలో కింది సగంలో ఉన్నాం. మన ఫ్యాన్స్‌లో సగం మంది ఆయన్ని అప్పుడే పంపించేయమన్నారు. క్లబ్ ఆగింది. ఆగినందుకు ఏం జరిగింది? లీగ్ చివర్లో వరసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి నాలుగో స్థానానికి వచ్చాం. లీగ్ తర్వాతి నాకౌట్ మ్యాచ్ అయిన ప్లేఆఫ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని, సెమీస్‌లో ముంబై సిటీని దాటాం. ఫైనల్లో మోహన్ బగాన్‌తో 2-2 అయి, పెనాల్టీ షూటౌట్‌లో ఓడాం.

మరుసటి సీజన్ మళ్లీ తడబాటు. 2023 డిసెంబరులో ముంబై సిటీ మన మైదానంలోనే 4-0తో ఓడించాక ఈసారి క్లబ్ ఆగలేదు, గ్రేసన్ వెళ్లిపోయారు. మరి జట్టు కోలుకుందా? 12 జట్లలో పదో స్థానంలో సీజన్ ముగిసింది. సీజన్ మధ్యలో కోచ్‌ని తీసేస్తే జట్టు బాగుపడుతుందనే నమ్మకానికి మన క్లబ్ చరిత్రలో నాకు ఆధారం కనబడదు. ఇంగ్లండ్‌లో అయితే కింది డివిజన్‌కి పడిపోతే కోట్ల పౌండ్ల ఆదాయం పోతుంది, అక్కడ ఆ భయంతో తొందరపడతారంటే అర్థం ఉంది. ఆ సీజన్‌లో ఐఎస్ఎల్‌లో కింది డివిజన్‌కి పడిపోవడం అన్న నియమమే లేదు. భయం లేని చోట ఆ తొందర దేనికి?

గ్రేసన్ తర్వాత వచ్చిన జెరార్డ్ జరగోజా క్లబ్‌కి కొత్త మనిషి కాదు. కప్పు గెలిచిన 2018-19 సీజన్‌లో క్వాద్రాత్ దగ్గర పనిచేసినవారే. పదో స్థానంలో ఉన్న జట్టుని మరుసటి సీజన్‌లోనే, 2025 ఏప్రిల్ 12న, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఫైనల్‌కి తెచ్చారు. మోహన్ బగాన్ మీద ముందు ఆధిక్యంలో ఉన్నది మనమే. ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-2తో పోయింది. ఆ సీజన్‌లో నలభై ఏళ్లు దాటిన సునీల్ ఛేత్రి లీగ్‌లో 14 గోల్స్ కొట్టాడు. సికింద్రాబాద్‌లో పుట్టిన మనిషి అని మన పిల్లలకి నేను గర్వంగా చెబుతుంటాను. ఐఎస్ఎల్‌లో మన జట్టుకి దక్కిన ఒకే ఒక్క కప్పు, పదో స్థానం నుంచి ఫైనల్ దాకా ఎక్కిన ఆ సీజన్, రెండూ ఇంటి గుట్టు తెలిసిన కోచ్‌ల చేతుల మీదుగానే వచ్చాయి.

"అన్నా, ఇవన్నీ సరే, భారతీయ కోచ్ అంటే రిస్కు కదా?" అని మా బృందంలో అనంతపురం తమ్ముడొకడు గట్టిగా వాదిస్తాడు. ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ కంఠీరవకి వచ్చేవాడు, తొంభై నిమిషాలూ వెస్ట్ బ్లాక్ స్టాండులో నిలబడే పాడేవాడు. అతని మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఖాలిద్ జమీల్ సంగతి చూడమంటాను. 2016-17లో మిజోరం జట్టు ఐజ్వాల్‌తో ఐ-లీగ్ గెలిచారు. నార్త్ ఈస్ట్ యునైటెడ్‌లో 2021లో సీజన్ మధ్య తాత్కాలికంగా పగ్గాలు పట్టుకుని జట్టుని ప్లేఆఫ్స్‌కి చేర్చారు. జంషెడ్‌పూర్‌ని సెమీస్‌కి తెచ్చారు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు కోచ్ అయ్యారు. 13 ఏళ్ల తర్వాత ఆ పదవిలో ఒక భారతీయుడు. వెంటనే మధ్య ఆసియా దేశాల టోర్నీ కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం. ఆ తర్వాత ఆసియా కప్ అర్హత దక్కలేదు, అది నిజం. అంతకు ముందు వచ్చిన విదేశీ కోచ్‌లు మాత్రం ప్రతిసారీ గెలిపించారా?

తెలుగువాళ్లం ఈ వాదనలో వెనక్కి తగ్గడం నాకు ఇంకా వింతగా ఉంటుంది. భారత ఫుట్‌బాల్ చూసిన అతి గొప్ప కోచ్ హైదరాబాద్ మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. ఇవాళ ఏ జట్టుకైనా ఆ స్కోరు వస్తే కోచ్ విమానం దిగకముందే ఉద్యోగం ఊడుతుంది. రహీం మీద నమ్మకం పోలేదు. 1956లో మెల్‌బోర్న్‌కి వెళ్లిన జట్టుకీ ఆయనే కోచ్. ఆ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్లీ ఆసియా స్వర్ణం. మరుసటి ఏడాది క్యాన్సర్‌తో ఆయన పోయారు. 1-10 తర్వాత తీసేసి ఉంటే మెల్‌బోర్న్ ఉండేదా, జకార్తా ఉండేదా?

మొన్న మొన్నటి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో పట్టిక అడుగున నిలిచింది. తరువాతి సీజన్‌కి మనోలో మార్క్వెజ్ వచ్చారు. ఐదో స్థానం, ప్లేఆఫ్స్ తృటిలో తప్పాయి. క్లబ్ ఆయన్ని ఉంచింది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని షూటౌట్‌లో ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్లు అయ్యారు. ఆ క్లబ్ ఇప్పుడు ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు నేల మీద ఐఎస్ఎల్ జట్టు లేకుండా పోయింది. మనోలో విదేశీయుడే, అయినా ఆయన కథ నా రెండో మాటకి సాక్ష్యం: సమయం ఇవ్వాలి.

ఓటములన్నీ కోచ్ ఖాతాలో రాసేయడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. 2025 ఆగస్టులో, అసలు లీగ్ జరుగుతుందో లేదో తెలియని స్థితిలో, మన క్లబ్ మొదటి జట్టు ఆటగాళ్లకీ సిబ్బందికీ జీతాలు ఆపేసింది. సీజన్ మొదలయ్యేసరికి 2026 ఫిబ్రవరి వచ్చింది. అలాంటి ఏడాదిలో ఏ కోచ్ అయినా ఫార్మేషన్ మార్చి ఏం చేయగలడు? మన కోపం ఫెడరేషన్ మీదికి, లీగ్ నడిపేవాళ్ల మీదికి వెళ్లాలి. వెళ్లడం లేదు. టచ్‌లైన్ దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి అందరికీ కనబడతాడు కాబట్టి ఆయన మీదికే పోతోంది.

ఇక మనం చేయగలిగినది ఒకటుంది. ఐఎస్ఎల్‌లో హెడ్ కోచ్ కావాలంటే ఏఎఫ్‌సీ ప్రో లైసెన్సు గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. అక్కడికి చేరాలంటే డి, సి, బి, ఎ అని ఒక్కో మెట్టూ ఎక్కాలి. ప్రతి మెట్టుకీ ఫీజు, సెలవులు, ప్రయాణం. ఆదివారం పొద్దున మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల మైదానాల్లో మన పిల్లలకి ఉచితంగా ఆట నేర్పుతున్న తెలుగు కుర్రాళ్లు నాకు కనబడుతూనే ఉంటారు. వాళ్లలో చాలామంది దగ్గర డి లైసెన్సు కూడా లేదు. మన బెంగళూరు తెలుగు సంఘం ప్రతి సంక్రాంతికీ క్రీడోత్సవం చేస్తోంది, కప్పులు, షీల్డులు కొంటోంది. వచ్చే ఏడాది ఆ బడ్జెట్‌లోంచి కనీసం ఇద్దరికి డి లైసెన్సు కోర్సు ఫీజు కట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు అమ్మాయి కావాలి. మొదటి చందా నాది.