లబ్ధిదారుల లెక్క సరే, అందనివాళ్ల లెక్క ఎక్కడ?

తెలంగాణలో పంట పెట్టుబడికిచ్చిన రైతుబంధు డబ్బు కౌలు రైతుల్లో ఎంత శాతం మందికి అందిందని అడిగితే, సున్నా అన్న జవాబు కూడా రాదు. ఆ లెక్క రాయడానికి అసలు గడే లేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన ఆ పథకానికి పట్టాదారు పాసుపుస్తకమే కొలమానం. పుస్తకం ఉంటే ఎకరానికి, సీజనుకు రూ.4,000, తర్వాత రూ.5,000. దున్నేదెవరు, అప్పు తెచ్చి విత్తేదెవరు అని పథకం అడగలేదు. అర్హుల్లో ఇంత శాతం మందికి అందిందని అధికారులు చెప్పిన అంకెలు తప్పు కాకపోవచ్చు. ఆ అర్హుల జాబితాలోనే కౌలు రైతు లేడు.

ఆంధ్రప్రదేశ్‌లో గడి ఉంది, కానీ దానికి తాళం వేరొకరి దగ్గరుంది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఒప్పందం పదకొండు నెలలకేనని, భూమి హక్కుకు ఢోకా లేదని చట్టం చెబుతున్నా యజమానులు జంకుతారు. రేపు ఇతను కోర్టుకెక్కితే అన్న భయం ఒకటి, బ్యాంకులో తన పంట రుణానికి అడ్డమొస్తుందన్న లెక్క ఇంకొకటి. ఇక తుపానొచ్చి కోతకొచ్చిన వరి నేలకొరిగిందనుకోండి. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదులో ఎవరి పేరుంటే పెట్టుబడి రాయితీ వాళ్ల ఖాతాకే పోతుంది. పంట పోయింది ఒకరికి, పరిహారం ముట్టింది మరొకరికి. నివేదికలో మాత్రం నష్టపోయిన రైతులు, సాయం పొందిన రైతులు అనే రెండు వరసలూ ముచ్చటగా సరిపోతాయి.

అభివృద్ధి పథకాలైనా, విపత్తు సాయమైనా అందరినీ కలుపుకుపోతున్నాయా లేదా అని కొలవడం ఇప్పుడు పెద్ద పరిశ్రమ. ఎవరినీ వెనక వదిలేయబోమన్న 2015 నాటి ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మాట తర్వాత అది ఇంకా పెరిగింది. ఆ లక్ష్యాల్లో 17.18 అనే అంశం, గణాంకాలను ఆదాయం, జెండర్, వయసు, జాతి, వలస, వైకల్యం, ప్రాంతం వారీగా విడదీయమంటుంది. కులం అన్న మాట ఆ వరసలో ఎక్కడా లేదు. 'ఆయా దేశాలకు సంబంధించిన ఇతర లక్షణాలు' అన్న చివరి తోకలో మనమే దాన్ని వెతుక్కోవాలి. ప్రపంచంలో కోట్లమందిని ఊరి చివర నిలబెట్టిన వ్యవస్థకు దక్కిన చోటు అది.

నాకు ఇబ్బంది అనిపించేది విడదీయడం దగ్గర కాదు, భాగించడం దగ్గర. బడిలో చెప్పిన లవం, హారం గుర్తు తెచ్చుకుంటే చాలు. వచ్చినవాళ్లలో ఆడవాళ్లెందరు, దళితులెందరు, వికలాంగులెందరు అని లవాన్ని ఎన్ని ముక్కలైనా చేస్తాం. కింద ఉండే హారాన్ని మాత్రం పథకమే తయారు చేసుకున్న జాబితా నుంచి తీసుకుంటాం. పంక్తిలో లేచిన విస్తరాకులు లెక్కపెట్టి ఊరంతా తిన్నదని తేల్చినట్టు ఉంటుంది ఈ పద్ధతి.

ఉపాధి హామీనే చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం, అడిగినవారికి 15 రోజుల్లో పని చూపాలని, చూపలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చెప్పింది. పని అడిగిన ప్రతివాళ్లకూ తేదీ వేసిన రసీదు ఇవ్వాలని కూడా చెప్పింది. కంప్యూటర్ లెక్కల్లో పని అడిగినవారి సంఖ్య, పని చూపినవారి సంఖ్య ఏళ్ల తరబడి దాదాపు సమానంగా నడిచాయి. ఎండాకాలంలో ఫీల్డ్ అసిస్టెంట్ చుట్టూ తిరిగిన కూలీలను అడిగితే కారణం తెలుస్తుంది. పని ఉన్నప్పుడే అడిగినట్టు రాస్తారు. రసీదు లేని అడుగు అడిగినట్టే కాదు. వంద శాతం సాధించడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

ఒక జాబితాలో జారిన మనిషి తర్వాతి జాబితాలోనూ జారిపోతాడు. తెలంగాణలో 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి రూ.12,000 ఇస్తామంది. రైతుబంధు వదిలేసినవాళ్లను గుర్తించిన పథకమని సంతోషించాల్సిందే. కానీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నది షరతు. జాబ్‌కార్డు రద్దయినవాళ్లు, ఆధార్ ముడి పడనివాళ్లు, గడ్డపార పట్టే ఓపిక లేని ముసలివాళ్లు, వలస పోయి ఆ ఏడాది ఊళ్లో లేనివాళ్లు భూమిలేనివాళ్లు కారా? పాత జాబితాను తెచ్చి కొత్త పథకానికి తలుపుగా బిగిస్తే, పాత తప్పుకు రెండో పథకం ముద్ర కూడా పడుతుంది.

మన పాలనా భాషలో 'అనర్హుల ఏరివేత' అనే మాట ఎంత పాతుకుపోయిందో గమనించారా? ఏ ప్రభుత్వం వచ్చినా ఒక ఏరివేత ఉంటుంది. అర్హుల వెతుకులాట అనే కార్యక్రమం మాత్రం నేనెక్కడా చూడలేదు. అనర్హుడికి పింఛను అందితే పత్రికలో పతాక శీర్షిక, అధికారికి మెమో. అర్హురాలికి అందకపోతే ఎవరికీ ఏమీ కాదు. 2016లో తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. కంప్యూటర్ వడపోతను నమ్ముకున్న ఆ రద్దులపై ఇంటింటికీ వెళ్లి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ ప్రభుత్వ రికార్డుల ప్రకారం కార్డున్నవాళ్లకు బియ్యం అందుతూనే ఉన్నాయి.

వైకల్యం విషయంలో హారం ఇంకా విచిత్రంగా తయారవుతుంది. 2011 జనగణన దేశంలో వికలాంగులు 2.68 కోట్లన్నది, అంటే జనాభాలో 2.21 శాతం. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చిన నివేదిక ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతం అంది. మన దగ్గరా అంతే ఉంటుందని వాదించడం లేదు. నిర్వచనాలు వేరు, వయసుల పొందిక వేరు. అయినా ఇంత తేడాకు ఒక పెద్ద కారణం ప్రశ్నలోనే ఉంది. 'మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?' అంటే ఎవరైనా లేరనే అంటారు. శుక్లాలతో చూపు మందగించిన నాయనమ్మ ఇంట్లోవాళ్ల దృష్టిలో వికలాంగురాలు కాదు, పెద్దదైపోయింది, అంతే. పెళ్లి కావాల్సిన ఆడపిల్లకు మూర్ఛ ఉంటే గడప దాటి బయటికి చెప్పరు.

ఈ చిక్కుకే వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలు ఒక దారి చూపాయి. 2001లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ కింద ఏర్పడిన ఈ బృందం వైకల్యం అన్న మాటే ఎత్తదు. కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టంగా ఉందా? వినడం? నడవడం, మెట్లెక్కడం? గుర్తుపెట్టుకోవడం? స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం? మాట్లాడి అర్థమయ్యేలా చెప్పడం? ఆరింటికీ నాలుగేసి జవాబులు: కష్టం లేదు, కొంచెం కష్టం, చాలా కష్టం, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా చివరి రెండింట్లో ఒకటి చెబితే లెక్కలోకి తీసుకోవాలి. అడగడానికి రెండు మూడు నిమిషాలు చాలు. వరద శిబిరం రిజిస్టర్లో కూడా ఇమిడిపోతాయి. మానసిక అనారోగ్యాన్ని ఈ ఆరు సరిగ్గా పట్టుకోలేవన్న విమర్శ నిజమే. అయినా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉందా, అందులో 40 శాతం దాటిందా అని అడిగేదానికంటే నూరుపాళ్లు నయం. సదరం శిబిరానికి రాగలిగినవాళ్ల లెక్క సదరంలో ఉంటుంది. మంచం దిగలేనివాళ్లు, ఏజెన్సీ గూడెం నుంచి ఆటో మాట్లాడుకోలేనివాళ్లు అందులో ఉండరు.

2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తన లబ్ధిదారుల్లో 3 శాతం వికలాంగులు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. జనగణన చెప్పిన 2.21తో పోల్చి చూస్తే ఆ 3 ఉదారంగా కనిపిస్తుంది. అసలు సంఖ్య దానికి రెండు మూడు రెట్లుంటే, లక్ష్యం చేరిన రోజున కూడా ఎక్కువమంది బయటే ఉన్నట్టు.

విపత్తుల్లో ఈ లోపం ఇంకా త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ ఫారం రాత్రికి రాత్రే తయారవుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం తీరంలో మొదటి విడత సాయమంతా పడవ, వల, ఇల్లు చుట్టూ తిరిగింది. మత్స్యకారులు ఘోరంగా దెబ్బతిన్నారు కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ ఉప్పునీరు ఎక్కిన పొలాల్లో కూలి పోయిన దళితులకు, ఉప్పుటేరుల్లో రొయ్యలు, పీతలు పట్టుకునే ఇరుల గిరిజనులకు పోగొట్టుకున్నామని చూపడానికి పడవ లేదు. కూలి పోవడం అనే నష్టానికి ఫారంలో గడి లేదు. అదే విపత్తులో, లెక్కను విడదీసి చూస్తే ఎంత తెలుస్తుందో కూడా తేలింది. కడలూరులో చనిపోయిన ఆడవాళ్లు మగవాళ్లకు దాదాపు మూడు రెట్లున్నారని స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ 2005లో బయటపెట్టింది. వేటకు పోయిన మగవాళ్లు నడిసంద్రంలో బతికి, ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు పోయారు. మొత్తం మృతులు ఇంతమంది అని ఒకే అంకె వేసి ఊరుకుంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

సాయానికి డబ్బిచ్చే దాతల ప్రపంచం ఇప్పుడు వీటన్నిటికీ మార్కర్లు, అంటే మార్కులేసే గుర్తులు, పెట్టింది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ వాళ్లు జెండర్‌కు 0, 1, 2 అని మార్కులు వేస్తారు. 2018 నుంచి వైకల్యానికీ అలాంటిదే ఉంది. ఆ మార్కు వేసేది ప్రాజెక్టు ఉద్దేశం చూసి, చాలాసార్లు ప్రాజెక్టు రాసినవాళ్లే. ఫలితం తేలకముందే విద్యార్థి తన జవాబుపత్రానికి మార్కులు వేసుకునే పరీక్ష ఇంకెక్కడా ఉండదు.

హాజరైనంత మాత్రాన మాట చెల్లుతుందనీ లేదు. పంచాయతీల్లో సగం సీట్లు మహిళలవి. లెక్కకు 50 శాతం నిక్కచ్చిగా ఉంటుంది. సభలో కుర్చీ ఎవరిది, సంతకం ఎవరిది, మాట ఎవరిదన్నది సర్పంచ్ భర్తలను చూసిన ఏ ఊరివాళ్లకైనా తెలుసు. దీన్ని కొలవడం అసాధ్యమేమీ కాదు. గత మూడు సమావేశాల్లో ఎవరు ఏం అడిగారు, అడిగినదాంట్లో ఏది అయింది అని మినిట్స్ పుస్తకం చూస్తే చాలు. అడిగినట్టే లేకపోతే అదీ ఒక ఫలితమే.

పేదరికం తగ్గించడానికి నడిచిన వెలుగు ప్రాజెక్టు రోజుల్లో ఊరివాళ్లే నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, నిరుపేదలెవరు, పేదలెవరు అని తేల్చేవారు. ఆఫీసు జాబితాకు బయట నుంచి హారం తెచ్చుకునే మంచి మార్గాల్లో అదొకటి. దానికీ ఒక గుడ్డి మచ్చ ఉంది. పటం గీసేది రచ్చబండ దగ్గరైతే, రెండు కిలోమీటర్ల అవతలున్న తండా పటం అంచు దాటిపోతుంది.

అయితే అందరినీ లెక్కలోకి ఎక్కించడమే మంచిదని గుడ్డిగా అనలేం. బంగ్లాదేశ్ శిబిరాల్లో రేషన్ కోసం వేలిముద్రలిచ్చిన రోహింగ్యాల వివరాలు, వాళ్లు ప్రాణాలరచేత పట్టుకుని పారిపోయి వచ్చిన మయన్మార్ ప్రభుత్వం చేతికే చేరాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. కనీసం 8.3 లక్షల మంది పేర్లు. సమ్మతి తీసుకున్నామని, నమోదు చేసిన ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అంది. అడిగింది రేషన్ కోసమేననుకున్నామని శరణార్థులన్నారు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలు గానీ, ఊళ్లో తెలియకుండా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లు గానీ, ఇంట్లో చెప్పుకోలేని ట్రాన్స్‌జెండర్ పిల్లలు గానీ రిజిస్టర్‌కు దూరంగా ఉంటే తప్పు వాళ్లది కాదు. ఇలాంటిచోట పేర్లు లేకుండా, నమూనా సర్వేతో, ఆ సమూహాల్లోనివాళ్లే అడిగితే వచ్చే అంచనా చాలు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి పథకమూ తన మూల్యాంకనం బడ్జెట్‌లో కొంత భాగం, లబ్ధిదారుల జాబితాలో లేని ఇళ్లకు వెళ్లడానికి ఖర్చుపెట్టాలి. ఎందుకు రాలేదు, వచ్చి ఎందుకు తిరిగి వెళ్లారు, పొదుపు సంఘంలో చేరి ఎందుకు మానేశారు అన్నవే ప్రశ్నలు. 2006 నుంచి సామాజిక తనిఖీ నడిపిన అనుభవం తెలుగు నేలకు ఉంది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఉన్న పేర్లు నిజంగా పనిచేసినవాళ్లవేనా అని చూసే ఆ బృందాలు, మస్టర్‌లో లేనివాళ్ల తలుపు కూడా తట్టగలవు.

తెలంగాణ 2024 కులసర్వే 96.9 శాతం ఇళ్లకు చేరింది. మిగిలిన 3.1 శాతం మీద జరిగిన చర్చంతా వివరాలివ్వని నాయకుల గురించే. అందులో తలుపు తీయనివాళ్లెందరో, తలుపే లేనివాళ్లెందరో ఎవరూ విడదీయలేదు. 2014 ఆగస్టు 19న ఒకే రోజున జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు ముంబై నుంచి పాలమూరు కూలీలు కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు పరిగెత్తారు. లెక్కలో లేకపోతే రేషన్ పోతుందన్న భయం అది.

దేశ జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో జరగాలి. అది ఆదోని, కోసిగి నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు పోయే కాలం. ఒడిశా కూలీలు మన ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకుని ఉండే కాలం. ఆ గుడారాలు, బట్టీలు ఏటా ఇంచుమించు అవే చోట్ల ఉంటాయి. మండలాలవారీగా వాటి జాబితా రాసి, ఏ గుంపు ఏ ఎన్యూమరేటర్ (లెక్క రాసే ఉద్యోగి) బ్లాకులోకి వస్తుందో ముందే పటంలో గీయవచ్చు. ఆ పని తహసీల్దారు కార్యాలయాలు ఈలోపే మొదలుపెట్టాలి.