‘నాన్నంటే హడలుండాలి’ అనే మెసేజీకి జవాబు

ఇద్దరు మగపిల్లలున్న తండ్రుల ఫోన్లకు తరచూ వచ్చే మెసేజీ ఒకటుంది. పైన చాణక్యుడి పేరుమీద ఓ శ్లోకం, కింద మూడు మాటలు: నాన్నంటే హడలుండాలి, పెద్దాణ్ణి దారిలో పెడితే చిన్నోడు తనే దారికొస్తాడు, దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం.

ముందు శ్లోకం. అందులో ఉన్నది మూడు ముక్కలు: ఐదేళ్లు లాలించు, ఆపై పదేళ్లు దండించు, పదహారు రాగానే మిత్రుడిలా చూడు. మెసేజీ మధ్య ముక్కనే పట్టుకుంది. పదేళ్లపాటు నాన్న బండి చప్పుడు వినగానే పుస్తకం తెరిచిన పిల్లాడు పదహారో ఏట పక్కన కూర్చుని కబుర్లు చెప్తాడా?

హడలు పనిచేస్తుంది, అదే చిక్కు. అల్లరి ఆ క్షణంలో ఆగిపోతుంది గనక తండ్రికి నమ్మకం కుదురుతుంది. పిల్లాడు మాత్రం నాన్న ఇంట్లో ఎప్పుడుంటాడో నేర్చుకుంటాడు. ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం చాలంటాడు. 2016లో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 75 అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. చేత్తో కొట్టడానికి, పిల్లల ప్రవర్తన, మానసిక ఆరోగ్యం లాంటి 17 అంశాలతో ఉన్న సంబంధాన్ని లెక్కిస్తే 13 చోట్ల స్పష్టంగా తేలింది, అన్నీ చెడువైపే. దెబ్బలే కారణమని అది రుజువు చేయదు, నిజమే. మేలు జరిగిందని మాత్రం ఎక్కడా తేలలేదు.

అసలు నష్టం ‘పెద్దాణ్ణి దారిలో పెట్టు’ అన్న దగ్గరుంది. రిమోట్ కోసం కొట్లాట అనుకోండి. చిన్నోడు గిల్లుతాడు, పెద్దోడు తోస్తాడు, చిన్నోడు ఏడుస్తాడు. తండ్రి గదిలోకి వచ్చేది ఏడుపు విన్నాక. ఆయనకు కనపడేది చిన్నోడి ఏడుపు ఒక్కటే. ‘పెద్దోడివి, నీకు బుద్ధుండక్కర్లా’ అని వీపు మీద ఒకటి పడుతుంది. ముందు ఏడ్చినవాడిదే గెలుపని చిన్నోడికి తెలిసిపోతుంది. పెద్దోడు ఆ బాకీ నాన్న లేనప్పుడు తీర్చుకుంటాడు. తర్వాత్తర్వాత ఇద్దరూ ఒకటై ఒకే అబద్ధం చెప్తే ‘అన్నదమ్ములు కలిసిపోయారు’ అని ఇంట్లో మురుస్తారు!

అక్కడ చేయాల్సింది: ముందు దెబ్బ తగిలిందేమో చూసి, రిమోట్ తీసుకుని, ఇద్దర్నీ పది నిమిషాలు వేరువేరు గదుల్లో ఉంచండి. తర్వాత ఇద్దర్నీ పిలిచి అడగండి, ఒకడు చెప్తుంటే రెండోవాడు అడ్డురాకూడదు. ‘ఎవరు మొదలెట్టారు’ అని అడిగితే కోర్టు మొదలవుతుంది. ‘నీకేం కావాలి’ అని అడగండి. శిక్ష అదే రోజు, అదే వస్తువుకి, ఇద్దరికీ: ఇవాళ్టికి టీవీ లేదు. ‘నెలంతా బంద్’ అంటే మూడో రోజుకి మీరే సడలిస్తారు, ఆ తర్వాత మీ మాటకి విలువుండదు. రోజూ ఒక్కొక్కడికీ విడిగా ఓ పావుగంట ఇవ్వండి. అందులో మార్కుల ఊసు వద్దు.

‘కాబట్టే బాగుపడ్డాం’ అన్నది లెక్కకు నిలవదు. బాగుపడనివాళ్లు ఆ మెసేజీ పంపరుగా. పైగా కొట్టిన తండ్రే అప్పుచేసి ఫీజు కట్టాడు, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకెళ్లాడు. పేరు మాత్రం బెత్తానికి!

కట్టుదిట్టంగా ఉండొద్దని ఎవరూ అనడం లేదు. 1960ల్లోనే అమెరికా మనస్తత్వవేత్త డయానా బౌమ్రిండ్ తల్లిదండ్రుల కాఠిన్యాన్ని రెండుగా విడదీసింది: ఆజ్ఞ మాత్రమే ఇచ్చేది, కారణం చెప్పి దగ్గరకు తీసుకుంటూనే మాట నిలబెట్టేది. పడుకునే టైము తొమ్మిదంటే తొమ్మిదే. ఎప్పుడైనా చెయ్యి లేచిందా, ఆ రాత్రే రెండోవాడు వినేలా చెప్పండి: ‘కొట్టడం నా తప్పు. టైము మాత్రం తొమ్మిదే.’