బొరె దా

మొన్న శనివారం జరిగింది. చెవులు ఇంకా చల్లారలేదు కాబట్టి గబగబా చెప్పేస్తాను. మేముండేది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. పై ఫ్లాట్‌లో క్రొయేషియా అమ్మాయి ఉంటుంది. వాళ్లమ్మగారు జాదర్ నుంచి నెల రోజులుండి వెళ్దామని వచ్చారు. మమ్మల్ని భోజనానికి పిలిచారు. స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుని మెట్లెక్కాం.

ఆగండి, నా జబ్బు సంగతి చెప్పలేదు. సెప్టెంబరు నుంచి మంగళవారం సాయంత్రాలు ఇక్కడి భాష వెల్ష్ క్లాసుకు వెళ్తున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పై ఫ్లాట్ అమ్మాయితో క్రొయేషియన్ విభక్తులు కూడా రాయించుకుని, నోటుబుక్కులో ఎడమపక్క వెల్ష్, కుడిపక్క క్రొయేషియన్ పెట్టి పోల్చడం మొదలుపెట్టాను. వెల్ష్‌లో మాటకు తల మారుతుంది. కార్డిఫ్‌ను వాళ్లు కైర్‌దీద్ అంటారు. 'కార్డిఫ్‌కి' అనాలంటే 'ఇ గైర్‌దీద్', 'కార్డిఫ్‌లో' అనాలంటే 'అఙ్ ఙైర్‌దీద్'. ఒకటో తరగతిలో 'ఙ' దిద్దించినప్పుడు ఈ అక్షరంతో ఏం పని అనుకున్నాను. వేల్స్‌లో కాపురం పెట్టేవాళ్ల కోసమన్నమాట. క్రొయేషియన్‌లో తోక మారుతుంది. 'జాగ్రెబ్‌లో' అంటే 'ఉ జాగ్రెబు', 'జాగ్రెబ్ నుంచి' అంటే 'ఇజ్ జాగ్రెబా'. సంబోధనతో కలిపి ఏడు విభక్తులు. మనకేమో తల మార్చడానికి గసడదవాదేశ సంధి, తోకకు డుమువులు, రెండూ ఉన్నాయి. ఈ రెండు భాషలూ నాకోసమే పుట్టాయనిపించింది. సముద్రం వెల్ష్‌లో 'మోర్', క్రొయేషియన్‌లో 'మోరె'. మూడు రెండింట్లోనూ 'త్రి'. ఇది చెబితే మా ఆవిడ, "ఒక్క భాషలోనే మీతో వేగలేకపోతున్నానండీ" అంది.

తలుపు తీసింది అమ్మగారే. డెబ్బై దాటి ఉంటారు, తెల్లటి జుట్టు, మెళ్లో సన్న గొలుసు. నేను వాచీ చూసుకున్నాను. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ, అంటే ఇంకా ఉదయమే. క్లాసులో మా టీచరు ఫీజు కట్టించుకుని మరీ నేర్పిన సూత్రాలు మూడు: సిగ్గుపడొద్దు, ఎదుటివాళ్ల ముఖంలోకి సూటిగా చూడండి, అర్థం కాకపోతే నోరు బాగా తెరిచి నెమ్మదిగా మళ్లీ చెప్పండి. మూడూ పాటించాను.

"బొరె దా!"

వెల్ష్‌లో శుభోదయం అన్నమాట. 'దా' వినగానే మా ఆవిడ లోపలికి రమ్మన్నారనుకుని ఓ అడుగు వేసింది. అమ్మగారు మాత్రం కదల్లేదు. చెయ్యి మెల్లగా నుదుటి మీదికి వెళ్లింది. వినపడలేదేమో అనుకున్నాను. పెద్దావిడ కదా. ఇంకాస్త దగ్గరికి జరిగి, ముఖంలోకి ఇంకాస్త సూటిగా చూసి, "బొ... రె... దా" అన్నాను. చెయ్యి నుదుటి మీంచి కంటి కొస దగ్గరికి దిగింది. అక్కడి చర్మాన్ని వేలితో కొంచెం సాగదీశారు. ఇదేదో వాళ్ల ఊళ్లో మర్యాద కాబోలనుకుని నేనూ నా కంటి కొస సాగదీసి, నవ్వుతూ మూడోసారి అన్నాను. ఆవిడ ఊపిరి వదిలి, చాలా నెమ్మదిగా, "దా. బొరె" అన్నారు.

నాకెంత సంబరమో! మా ఆవిడ చెవిలో, "చూశావా, మాటలు తిరగేసి చెప్పారు. విభక్తులున్న భాష కదా, వాళ్లకు వరస ఎలా ఉన్నా ఫర్వాలేదు" అని వివరించాను కూడా.

వంటింటి గుమ్మంలో ఆ అమ్మాయి ఓవెన్ గ్లవ్ నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. దగ్గు వస్తోందనుకున్నాను.

భోజనం బాగుంది. తిరిగొచ్చేటప్పటికి చీకటి పడింది కాబట్టి గుమ్మంలో "నోస్ దా" అన్నాను, శుభరాత్రి. ఆవిడ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. మళ్లీ అన్నాను. మళ్లీ తుడుచుకున్నారు.

రాత్రి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. క్రొయేషియన్‌లో 'బొరె' అంటే ముడతలు. 'దా' అంటే అవును. 'నోస్' అంటే ముక్కు. అంటే నేను ఒకరి గుమ్మంలో నిలబడి, వాళ్ల ముఖంలోకి గుచ్చి గుచ్చి చూస్తూ, నోరంతా తెరిచి, "ముడతలు, అవును" అని ముమ్మారు ప్రకటించాను. ఆవిడ పాపం ఒప్పుకున్నారు: "అవును. ముడతలు."

ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటోందా పిల్ల. రోజూ బస్సులో, ఆఫీసులో 'బొరె దా' వింటూనే ఉంటుంది. ఒక్క ముక్క చెప్పొచ్చుగా? "మీరంత శ్రద్ధగా చెబుతుంటే ఆపాలనిపించలేదు అంకుల్" అట. అంకుల్! నాకు ముప్పైతొమ్మిది. విభక్తులన్నీ ఓపిగ్గా రాసిచ్చిన మనిషి ముడతల దగ్గర మూగబోయింది. నిజానికి నాకే తట్టాల్సింది. వెల్ష్ బోర్డుల మీద 'దిమ్' అంటే 'వద్దు', క్రొయేషియన్‌లో 'దిమ్' అంటే పొగ. ఇక్కడి 'పొగ తాగరాదు' బోర్డు వాళ్లమ్మకు పొగతోనే మొదలవుతుందని ఈ పిల్లే చెబితే పగలబడి నవ్వాను. తోకలన్నీ బట్టీ పట్టాను కానీ మాటలు ఎవరు నేర్చుకున్నారు?

మా ఆవిడ రెండు రోజులుగా అద్దం ముందుకెళ్లినప్పుడల్లా "బొరె?" అని నన్నే అడుగుతోంది. ఏం చెప్పినా తప్పే.

ఇవాళ పొద్దున మెట్ల మీద అమ్మగారు ఎదురయ్యారు. నన్ను చూడగానే మఫ్లర్ కళ్ల దాకా లాక్కున్నారు. ఇక వెల్ష్ వద్దు, ఇంగ్లిష్ ఆవిడకు రాదు, మనది మనకు క్షేమం అనుకుని రెండు చేతులూ జోడించి "నమస్తే" అన్నాను.

ఆవిడ ఆగిపోయారు. తల కొంచెం పక్కకు వంచి, చెవి నావైపు పెట్టి, ఎదురుచూస్తున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. నోటుబుక్కు కుడిపక్క, నా చేత్తో రాసుకున్నదే. 'నమ' అంటే 'మాకు'. 'స్తె' అంటే 'మీరు ఉన్నారు'లోని క్రియ. కలిపితే "మాకు మీరు..." అంతే, వాక్యం పూర్తి కాలేదు. మాకు మీరు ఏమిటో నేను చెబుతానని ఆవిడ మఫ్లర్ కొంచెం కిందికి దించి, అలాగే నిలబడి ఉన్నారు.