శిక్ష ముగిసిన తేదీ ఎవరు చెప్పాలి?

జైలు నుంచి వచ్చిన మనిషి గురించి అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ‘మారాడా?’ అడగడంలో తప్పు లేదు. కానీ ఏం చూస్తే మారినట్టు నమ్ముతామో ఎవరూ చెప్పరు. కన్నీళ్లు పెట్టుకుంటే నటన అంటారు, పెట్టుకోకపోతే పశ్చాత్తాపం లేదంటారు. గతం దాస్తే మోసం, చెప్పుకుంటే సిగ్గులేనితనం. ఏం చేసినా తప్పే అయ్యే పరీక్ష పెట్టి, అందులో తప్పిన వాడిని చూసి ‘వీళ్లింతే’ అనడం మనకు అలవాటైపోయింది.

మార్పు ముందు మనసులో రావాలని, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయని మనం అనుకుంటాం. జరిగేది చాలావరకు దీనికి తలకిందులు. జైల్లో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, దీపం ఎప్పుడు ఆర్పాలో ఇంకొకరే చెబుతారు. అలా ఏళ్లు గడిపిన మనిషి గేటు దాటగానే ప్రతి చిన్న విషయం తనే తేల్చుకోవాలి. గుర్తింపు కార్డు లేకపోతే గది అద్దెకివ్వరు. చిరునామా లేకపోతే కార్డు రాదు. రెండూ లేనివాడికి బ్యాంకు ఖాతా ఎలాగూ ఉండదు. ఈ చిక్కుముడిలో ఉన్నవాడిని ఆత్మపరిశీలన చేసుకున్నావా అని అడగడం కాస్త దారుణమే.

ఆ మొదటి రోజులు ఎంత ప్రమాదమో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లెక్క తీశారు. అక్కడి జైళ్ల నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లకు చావు ముప్పు ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే దాదాపు 13 రెట్లు ఉందని తేలింది. అన్నిటికన్నా పెద్ద కారణం మత్తుమందు మోతాదు మించడం. లోపల ఉన్నన్నాళ్లు మత్తుమందుకు దూరమైన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి అంతే తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మారాడా లేదా అని మనం తేల్చేలోపే కొందరి కథ ముగిసిపోతోంది.

ఆ రెండు వారాలూ గట్టెక్కినవాడికి తర్వాతి గండం ఉద్యోగం. సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో చేసిన ప్రయోగాన్ని 2003లో ప్రచురించారు. చదువు, అనుభవం ఒకేలా చూపించే యువకులను నిజమైన ఖాళీలకు దరఖాస్తు చేయించి, నేరచరిత్ర ఉందో లేదో మాత్రం మార్చి చూశారామె. నేరచరిత్ర లేని తెల్లవాళ్లకు 34 శాతం చోట్ల నుంచి తిరిగి పిలుపు వచ్చింది. ఉందని చెబితే 17 శాతం. నల్లజాతి యువకులకు లేకపోతే 14, ఉంటే 5. జైలుకెళ్లొచ్చానన్న తెల్లవాడికి దొరికినన్ని పిలుపులు ఏ మచ్చా లేని నల్లవాడికి దొరకలేదు! జైలు మచ్చ అందరి మీదా ఒకే సైజులో పడదన్నమాట.

దీనికి మందుగా దరఖాస్తులో ‘ఎప్పుడైనా శిక్ష పడిందా’ అనే గడి తీసేయాలన్న ఉద్యమం అమెరికాలో బాగా నడిచింది, చాలాచోట్ల తీసేశారు కూడా. ఉద్దేశం మంచిదే. కానీ అమలయ్యాక న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో చూస్తే తెల్ల, నల్ల దరఖాస్తుదారుల మధ్య పిలుపుల తేడా ఇంకా పెరిగింది. గడి లేకపోయేసరికి యజమానులు పేరు చూసి జాతిని, జాతిని బట్టి నేరచరిత్రను సొంతంగా ఊహించుకోవడం మొదలెట్టారు. నాకైతే ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. సమాచారం దాచినంత మాత్రాన అనుమానం పోదు. కావాల్సింది దాచిపెట్టడం కాదు, గడువు పెట్టడం.

ఆ గడువు లెక్కకు అందనిదేం కాదు. బ్లమ్‌స్టీన్, నకమురా అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్‌లో 1980లో మొదటిసారి అరెస్టయిన వాళ్ల రికార్డులు పరిశీలించారు. 18 ఏళ్ల వయసులో దోపిడీ కేసులో పట్టుబడిన వ్యక్తి, ఆ తర్వాత మళ్లీ ఏ కేసూ లేకుండా ఏడెనిమిదేళ్లు గడిపితే, మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసున్న సాధారణ జనంతో సమానమైపోతుందట. ఇళ్లలో దొంగతనానికైతే నాలుగేళ్లలోపే. బ్రిటన్‌లో 1974 నుంచే ఇలాంటి చట్టం ఉంది: నిర్ణీత కాలం దాటాక శిక్ష ‘చెల్లిపోయినట్టే’, చాలా ఉద్యోగాలకు దాని గురించి చెప్పనక్కర్లేదు.

అయితే చట్టం మరిచిపోయినా సెర్చ్ ఇంజిన్ మరిచిపోదు. జర్మనీలో హత్య కేసులో 1982లో శిక్షపడిన ఒకాయన 2002లో విడుదలయ్యాడు. అప్పటి పత్రిక కథనాలను ఇంటర్నెట్‌లో పెట్టడంతో ఆయన పేరు కొడితే చాలు, అవే వచ్చేవి. ఆయన పోరాటం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. కాలం గడిచిన కొద్దీ మనిషికి పాత తప్పుల నుంచి దూరం జరిగే అవకాశం ఉండాలన్న వైపు 2019లో ఆ కోర్టు మొగ్గింది. చంపబడ్డవాళ్ల ఇళ్లల్లో ఈ తీర్పు ఎలా వినిపించి ఉంటుందో ఊహించగలను. వాళ్లు క్షమించాల్సిన పనిలేదు, ఎవరూ అడగకూడదు కూడా. కానీ వాళ్లు క్షమించడం, ఇతనికి అద్దె గది దొరకడం, రెండూ వేర్వేరు విషయాలు.

ఇంతకీ నేరం మానేసినవాళ్ల మనసులో ఏం జరుగుతుంది? నేరశాస్త్ర పరిశోధకుడు షాడ్ మరూనా బ్రిటన్‌లోని లివర్‌పూల్‌లో మానేసినవాళ్లనూ కొనసాగిస్తున్నవాళ్లనూ కూర్చోబెట్టి జీవితకథలు చెప్పించుకున్నారు. కొనసాగిస్తున్నవాళ్లు ‘నా చేతుల్లో ఏముంది’ అన్న ధోరణిలో మాట్లాడారు. మానేసినవాళ్లు తమ లోపల ఒక మంచి మనిషి మొదటి నుంచీ ఉన్నాడని నమ్మారు. ఇది కొంచెం సాకులా వినిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ రోజూ సిగ్గుతో చచ్చేవాడికన్నా, తన మీద తనకు కాస్త గౌరవం ఉన్నవాడే దాన్ని పోగొట్టుకోకుండా జాగ్రత్తపడతాడు.

మానేసినవాళ్లలో ఇంకో కోరిక కూడా కనిపించింది: తమలాంటి దారి పట్టిన కుర్రాళ్లను వెనక్కి లాగాలని. ఆ అనుభవం ఇంకెవరి దగ్గరా దొరకదు. కానీ పిల్లలతో చేసే పనుల్లో చాలావాటికి బ్రిటన్‌లో ఆ ‘చెల్లిపోయిన’ వెసులుబాటు వర్తించదు. జైలు శిక్ష పడి ఉంటే పాతికేళ్లయినా, ఆ పనిలోకి తీసుకునే ముందు చూసే నేరచరిత్ర తనిఖీ కాగితం మీద అది కనిపిస్తూనే ఉంటుంది.